అక్కకు తెచ్చిన కల్నారు గుడ్డ

2018వ సంవత్సరం, ఎండాకాలం. తమిళనాడు ధర్మపురిలో నా ఆఫీసు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, ఇనుప సామాన్ల దుకాణం పైన ఒక గది. నేను కార్మికుల తరఫున మాత్రమే కేసులు నడిపే వకీలును. గదికి వచ్చే మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. ఊపిరి జబ్బుతో వచ్చే మనిషి ఎవరో, జబ్బు ఎంత ముదిరిందో ఆ మెట్ల మీది చప్పుడే నాకు ముందుగా చెబుతుంది. ఆ రోజు ఎక్కిన మనిషి సగంలో ఒకసారి ఆగాడు, తలుపు దగ్గర మళ్లీ ఆగాడు. లోపలికి వచ్చాక కూడా చాలాసేపు మాట రాలేదు.

అతని పేరు మునిరత్నం. అరవై దాటిన మనిషి, పాపారపట్టి పక్కన ఒక పల్లె. ఆ వైపు ఊళ్లలో శిస్తు వసూలు చేసే మిట్టా, అంటే చిన్న జమీందారీ, ఒకప్పుడు మా కుటుంబానిది. మునిరత్నం తాత మా పొలాలు సాగుచేశాడు. మిట్టా పోయింది, పొలాలు పోయాయి, ఇల్లు కూడా పరుల పాలయింది. నాకు మిగిలింది తాత దగ్గర నేర్చుకున్న తెలుగు అక్షరాలు, వీపు వంచకుండా కూర్చునే అలవాటు. మా ఇంటి పేరు చెప్పి నేను ఏనాడూ ఒక వాయిదా కూడా అడగలేదు. అయినా ఆ ఊళ్ల తెలుగువాళ్లకు నేను వకీలును కాదు, పెద్దింటి ఆడబిడ్డను, అమ్మణ్ణిని.

"కూర్చోండి."

"పర్వాలేదు అమ్మణ్ణీ, నిలబడే ఉంటాను. మీరు నన్ను అండి అంటే మాత్రం వేరే వక్కీలు దగ్గరికి పోతాను."

"సరే, కూర్చో మునిరత్నం."

"మా నాయన చూసింటే కాళ్లు ఇరగ్గొట్టింటాడు."

"మీ నాయనా లేడు, మా తాతా లేడు. ఆ కుర్చీ కూడా నేను బాడుగకు తెచ్చిందే. కూర్చో."

కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచిలోంచి సీటీ స్కాన్ తీసి ఇచ్చాడు. చాలాకాలం క్షయ అని మందులు మింగించారు. చివరికి సర్కారు ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు చూసి, ఆస్బెస్టోసిస్ అని రాశారు.

ఆస్బెస్టాస్‌ను మా వైపు కల్నారు అంటారు, అంటే రాతినార. రాయిలాంటి ఖనిజమే, కానీ నారలా విడిపోతుంది. దాన్ని తాడుగా పేనవచ్చు, గుడ్డగా నేయవచ్చు. నిప్పు దాన్ని ఏమీ చేయలేదు. కానీ ఎండి నలిగినప్పుడు కంటికి కనపడని పోగులు లేస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రావు. చుట్టూ కండ గట్టిపడుతూ పోతుంది. జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఈ నిద్రాకాలాన్ని లేటెన్సీ అంటారు. నా వృత్తిలో దీనికంటే పెద్ద శత్రువు లేదు. జబ్బు లేచే వేళకు కాంట్రాక్టరు మారిపోయి ఉంటాడు, తోటి పనివాళ్లు చెదిరిపోయి ఉంటారు.

మునిరత్నం ఒక ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టరు కింద ఇరవై ఏళ్లకు పైగా లాగింగ్ పని చేశాడు. లాగింగ్ అంటే ఆవిరి గొట్టాలకు వేడి బయటికి పోకుండా చుట్టే కవచం. పాత చుట్టను కత్తితో కోసి పీకేయాలి, కొత్త కల్నారు గుడ్డ, తాడు చుట్టాలి. పీకేటప్పుడు దుమ్ము మంచులా కురిసేదట.

"ముక్కుకు ఏమైనా ఇచ్చేవాళ్లా?"

"టువాలు కట్టుకునేవాళ్లం అమ్మణ్ణీ. అదీ మాదే."

ఇక చట్టం సంగతి. పని వల్ల వచ్చిన జబ్బును ఆక్యుపేషనల్ డిసీజ్ అంటారు. ఉద్యోగుల నష్టపరిహార చట్టం దాన్ని పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూస్తుంది. ఆస్బెస్టోసిస్ ఆ చట్టం జాబితాలోనే ఉంది. కాంట్రాక్టరు మనిషైనా సరే, ఆ పని కర్మాగారం పనిలో భాగమైతే కర్మాగారం యజమానే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే అసలు యజమానిగా బాధ్యత వహించాలి. దావాకు రెండేళ్ల గడువు ఉంది కానీ, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. జబ్బు ఇప్పుడే తెలిసిందంటే అంతకంటే తగిన కారణం ఉండదు. ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా ఒక్క గడప మాత్రం కార్మికుడే దాటాలి. తాను ఆస్బెస్టాస్‌తో పని చేశానని రుజువు చేయాలి.

దావా వేశాము. కర్మాగారం జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. మేము ఏనాడూ ఆస్బెస్టాస్ వాడలేదు, వాడింది గాజు ఉన్ని, జబ్బుకు కారణం దరఖాస్తుదారు తాగిన బీడీలు. ఆస్బెస్టాస్‌తో పనిచేసిన వాళ్ల ఆరోగ్య రికార్డులను, వాళ్లు పని మానిన తరువాత కూడా ఏళ్ల తరబడి దాచాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అడిగితే, వాడనిదానికి రికార్డు ఎక్కడిది అన్నారు. మునిరత్నం నాకు చెప్పిన తోటి పనివాళ్లు ఇద్దరే. ఒకరు పోయారు. ఇంకొకరి కొడుకు అదే కర్మాగారంలో ఉన్నాడు. ఆయన నా ముందు చేతులు జోడించి, "వానికి తొందరవు వస్తాదమ్మా, పని పోతాది, నన్ను వదిలేయండి" అన్నాడు. వదిలేశాను.

అలా చేతిలో ఏమీ లేకుండా ఉన్న రోజుల్లో మునిరత్నానికి తోడుగా వాళ్లక్క మంగమ్మ వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది ఈమే. నన్ను చిన్నతనంలో చంకనెత్తుకుని తిరిగింది కూడా. అందుకే నన్ను నువ్వు అనే హక్కు ఆ ఊరి మొత్తానికి ఆమె ఒక్కదానికే ఉంది. వస్తూ వస్తూ బెల్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఫీజు తప్ప నేను ఇంకేమీ తీసుకోను, మంగమ్మక్కా."

"ఓహో. మీ తాత మా ఇంటి బెల్లం అడిగి తినేవాడు. ఆయనకు లేని రోషం నీకు ఎట్లొచ్చె?"

"ఆయనకు మిట్టా ఉండింది. నాకు రోషం ఒక్కటే ఉంది."

"ఆ రోషానికే నంజుకుని తిను. నా చేత్తో దించిన కొప్పెరలో బెల్లం ఇది."

తిన్నాను. బాగుందని చెప్పాను. ఉడుకుతున్న చెరకు పాకం కొప్పెరను ఈ వయసులో ఎలా దించుతావని మాటవరసకు అడిగాను. మంగమ్మ ముఖం వెలిగింది.

"నా చేతులు కాలవు గదా! మా వోడు కల్నారుతో చేతిగుడ్డలు కుట్టిచ్చినాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూసె. నిప్పులో చెయ్యి పెట్టినా సుర్రుమనదు."

మునిరత్నం ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టాడు. అది జబ్బు దగ్గు కాదని నాకు అర్థమైంది.

ఆ ఊళ్ల తెలుగు ఇళ్లలో ఒక ఆచారం ఉంది. ఏటా చెరకు గానుగ మొదలుపెట్టి మొదటి కొప్పెర పొయ్యి మీద పెట్టే రోజు, ఆడపడుచుకు పుట్టింటి నుంచి అన్నదమ్ములు ఏదైనా తెచ్చి ఇవ్వాలి. చీరో, గాజులో, శక్తికొద్దీ. దాన్ని సీరు అంటారు. మునిరత్నం పనిలో చేరిన కొత్తలో చీరకు చాలే నెల సంబళం లేదు. గొట్టాలకు చుట్టగా మిగిలిన కల్నారు తుంటలు ఏరుకొచ్చి, దబ్బనంతో రెండు చేతితొడుగులు కుట్టి అక్కకు పెట్టాడు. పట్టుచీరకు కూడా అంత పేరు రాదు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లందరూ, "మంగమ్మ తమ్ముడు పెట్టినట్టు పెట్టలేవా" అని తమ అన్నదమ్ముల్ని దెప్పడం మొదలుపెట్టారు. కర్మాగారంలో ఉన్న ప్రతి అన్నా, ప్రతి తమ్ముడూ తెచ్చారు. పాతబడి పీచులేస్తే మునిరత్నం కొత్తవి కుట్టేవాడు.

మంగమ్మ కింద దుకాణంలో ఏదో కొనడానికి దిగింది. అప్పుడు మునిరత్నం నా బల్ల అంచు పట్టుకున్నాడు.

"అమ్మణ్ణీ, ఆ గుడ్డ మాట కమిషనర్ ఆపీసులో ఎత్తొద్దు."

"మునిరత్నం, మనకు దొరికిన ఒకే ఒక సాక్ష్యం అది."

"దొరకలేదనుకోండి. అక్క వాటిని పొయ్యికాడికి పోయే ముందర రాతికేసి కొట్టి దులిపేది. ఆ దుమ్మంతా దాని ముఖానే పడేది. నా రొమ్ములో ఉండేది దాని రొమ్ములో కూడా పెట్టింది నేనేనని ఎట్ల చెప్పేది? నన్ను పెంచిన మనిషి. కేసు పోతే పోనీండి."

వకీలుకు తెలిసిన సత్యం కూడా క్లయింటు ఒప్పుకోకపోతే వకీలుది కాదు. అతను వద్దంటే నేను ఆమెను సాక్షిగా పిలవలేను. కానీ అతనికి ఒక మాట చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

"నీ కేసు సంగతి అవతల పెట్టు. నువ్వు చెప్పకపోతే ఆమె ఛాతీ ఎవరు పరీక్ష చేస్తారు? ఆమె మళ్లీ అవే తొడుక్కుంటుంది, నీ మీది ప్రేమతో."

అక్క పైకి రాకముందే అతను మెట్లు దిగిపోయాడు. ఆ తరువాత రెండు వాయిదాలకు ఒక్కడే వచ్చాడు. అక్కను తీసుకురాలేదు. ఒకసారి కమిషనర్ ఆఫీసుకు వచ్చే దారిలో తొప్పూరు కనుమలో బస్సు గంటల తరబడి ఆగిపోతే, వాయిదాకు ఆలస్యంగా, నీలంగా మారిన పెదవులతో వచ్చి నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు అతనే అన్నాడు, "ఆదివారం మా అక్క ఇంటికి మీరూ రండి అమ్మణ్ణీ. మీరుంటే నాకు నోరు వస్తాది."

వెళ్లాను. మంగమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. మునిరత్నం తిన్నగా మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ చేతిగుడ్డలు యాడ పెట్టినావు?"

"అటక మీద. ఏమిరా, వెనక్కు అడగతావా? పెట్టిన సీరు వెనక్కు అడిగేవాణ్ణి నిన్నే చూస్తా ఉండాను."

"వాటిని ఇంక ముట్టొద్దక్కా. నా రొమ్ములో పడింది అదే. నీకు కూడా పడింటాది. నేనే తెచ్చి పెట్టినాను."

చెప్పి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మంగమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. తమ్ముణ్ణి అడిగింది.

"అప్పుడు నీకు తెలుసునా?"

"తెలీదక్కా."

ఆమె నా వైపు తిరిగింది. "వాళ్లకు తెలుసునా?"

"తెలుసు. ప్రమాదమైన వస్తువుతో పని చేయించేవాడు ఆ ప్రమాదమేమిటో పనివాడికి చెప్పి తీరాలని చట్టంలో ఉంది. చెప్పలేదు."

"అయితే నువ్వెందుకురా ఏడుస్తావు? తెలిసినోళ్లు ఏడవల్ల." చింతపండు గిన్నెలో వేసి చెయ్యి తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నా ముఖం చూసి మాట్లాడకుండా తిరిగింది ఇందుకా? నీ కోడలేదో ఎక్కించిందని ఆ పిల్లను ఎంత తిట్టుకున్నానో. రేపు దాని ముఖం నేను ఎట్ల చూసేది?"

మునిరత్నం ఏడుస్తూనే నవ్వాడు. నవ్వుకు దగ్గు వచ్చింది. మంగమ్మ లేచి అతని వీపు నిమిరింది, పసివాడికి నిమిరినట్టే.

తొడుగులను ఎవరూ చేత్తో తీయవద్దని చెప్పాను. ఆస్బెస్టాస్‌ను పొడిగా కదిలించకూడదు. ముక్కు, నోరు కట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగానే పాలిథీన్ సంచిలో వేసి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మూతి కట్టాలి. అలాగే తీయించి కమిషనర్ ముందు ఉంచాను. పరీక్షకు పంపారు. తెల్ల కల్నారు అని తేలింది. దాంతో సగం పనే అయింది. ఆ గుడ్డ కర్మాగారంలోదే అని ఎవరు చెప్పాలి? సంతలో కొన్నారని వాళ్లు అంటారు.

మంగమ్మను సాక్షిగా పిలిచాము. కమిషనర్ అంటే కార్మిక శాఖ అధికారి. ఆయన కార్యాలయం కోర్టులా ఉండదు, ఒక పెద్ద బల్ల, చుట్టూ కుర్చీలు, అంతే. విచారణ తమిళంలో జరిగింది. మంగమ్మ తమిళాన్ని ఆమె తెలుగులోకే మార్చి రాస్తున్నాను. నేను అడగవలసినవి అడిగి కూర్చున్నాక, కర్మాగారం వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచాడు. ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడాన్ని అలా అంటారు. ఆయన నెమ్మదైన మనిషి, మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడు ఈ గుడ్డ ఎక్కడి నుంచి తెచ్చాడమ్మా?"

"పని చేసేకాడి నుంచి."

"అడిగి తెచ్చాడా?"

"ఎవుర్ని అడగల్ల? మిగిలిన తుంటలు కసువులో పోస్తారు. ఏరుకొచ్చినాడు."

"అంటే కంపెనీ సొత్తును కంపెనీకి తెలియకుండా గేటు దాటించాడు. దొంగిలించాడు. అవునా, కాదా?"

మునిరత్నం తల వంచుకున్నాడు. మంగమ్మ ఆయన వైపు తేరిపారా చూసింది.

"సామీ, ఇది మీదేనా?"

"ప్రశ్న నేను అడుగుతున్నానమ్మా. ఇది కంపెనీది. మీ తమ్ముడిది కాదు."

"మీదే అయితే తీసుకోండి. ఇన్నేండ్లు మా ఇంట్లో పెట్టుకున్నది తప్పే. ఇంకా నాలుగైదిండ్లలో ఉండాది, అవీ తెచ్చి ఇప్పిస్తాను. వాని రొమ్ములో ఉండేది మాత్రం ఎట్ల తీసేదో మీరే చెప్పల్ల."

నేను లేచి ఒక్కటే కోరాను. మామూలుగా సాక్షి జవాబుల్నే కథలా కూర్చి రాస్తారు, ప్రశ్నలు రాయరు. ఈ ప్రశ్నను, వకీలుగారి మాటలను, జవాబును ఉన్నదున్నట్టు రాసుకోవాలని అడిగాను. కమిషనర్ కళ్లజోడు సవరించుకుని కర్మాగారం వకీలు వైపు చూశారు. అప్పటికి ఆ వకీలుకు అర్థమైంది. ఏనాడూ వాడలేదన్న గుడ్డను కంపెనీ సొత్తని తన నోటితోనే చెప్పాడు. మాటను మరోలా మార్చాలని చూశాడు. కమిషనర్ అప్పటికే రాయించడం మొదలుపెట్టారు.

బయటికి వచ్చాక మునిరత్నం అక్కతో, "దొంగ అన్నాడక్కా నన్ను" అన్నాడు.

"అననీలేరా. అక్క కోసం దొంగిలించినావనే గదా. ఆ మాట ఊర్లో నేనే చెప్పుకుంటాను."

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. బీడీలు జబ్బును పెంచి ఉండవచ్చు కానీ ఆస్బెస్టోసిస్‌ను పుట్టించలేవని డాక్టరు చెప్పిన మాటను కమిషనర్ ఒప్పుకున్నారు. కాంట్రాక్టరు, కర్మాగారం ఇద్దరూ బాధ్యులన్నారు. కంపెనీ అప్పీలుకు వెళ్లలేదు. మునిరత్నం ఇంటికి ఆక్సిజన్ యంత్రం వచ్చింది. అది రోజంతా గొణుగుతుందని మంగమ్మ దానికి రెండో కోడలని పేరు పెట్టింది. మొదటి కోడలి ముందే ఆ మాట అంటుంది. ఆ పిల్ల కూడా తగ్గదు, "ఆ కోడలు మీతో ఎదురు మాట్లాడదు, సంతోషపడండి" అంటుంది.

తీర్పు రాకముందే మంగమ్మను ఛాతీ డాక్టరుకు చూపించాము. ఊపిరితిత్తుల పైపొర ఒక చోట గట్టిపడి ఉంది. ప్లూరల్ ప్లాక్ అంటారు. జబ్బు అనలేము, కల్నారు లోపలికి వెళ్లిందనడానికి ఆనవాలు. ఏటా చూపించుకోవాలన్నారు. ఆ ఫలితం తెలిసిన రోజు ఆమె నన్ను సూటిగా అడిగింది.

"వానికి చట్టముండాది. నాకేముండాది?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "నష్టపరిహార చట్టం పని చేసినవాళ్లకే అక్కా. ఇంట్లోవాళ్లకు ఇందులో దారి లేదు. వేరే సివిల్ దావా వేయవచ్చు, అది నీ వయసుకు చాలా పొడుగు. కావాలంటే వేస్తాను."

మంగమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దులే. నేను కంపెనీలో పని చేసినానా ఏమి? వానికి అక్కగా ఉండాను, అంతే. దానికి సంబళం ఇచ్చేవాడెవడు?"

ఆ మాట నవ్వుతూనే అంది. ఆ తరువాత మిగతా ఇళ్లలోని చేతితొడుగుల కోసం ఆమే నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పుట్టింటివాళ్లు పెట్టింది ఇవ్వమంటే ఏ ఆడదీ తేలికగా ఇవ్వదు. ఒకామె తలుపు వేసేసింది. మంగమ్మ ఆ వాకిట్లోనే కూర్చుని, "నాదీ పోయిందే, నీదేమి పెద్ద పట్టుచీరా?" అని తలుపు తీసేదాకా తిట్టింది. తడిపి, కట్టి, అన్నీ సేకరించాము. ఎవరెవరి అన్నదమ్ములు తెచ్చారో అడిగి, వాళ్లలో బతికున్నవాళ్లను ఆసుపత్రికి పంపాము. అందులోంచే ఇంకో రెండు దావాలు నా దగ్గరికి వచ్చాయి.

అంతకుముందు నా దగ్గరికి వచ్చినవాణ్ణి ఎక్కడ పని చేశావు, ఎవరి కింద, ఎన్నేళ్లు అని అడిగేదాన్ని. చట్టం అంతవరకే చూస్తుంది, నేనూ అంతవరకే చూసేదాన్ని. ఈ కేసు తరువాత ఆ ప్రశ్నలకు ముందు ఇంకొకటి అడుగుతున్నాను. పని నుంచి ఇంటికి ఏం తెచ్చేవాడివి, ఎవరికి ఇచ్చేవాడివి? చాలామంది మొదట సిగ్గుపడతారు, దొంగ అంటానేమోనని. నేను అననని తెలిశాక చెబుతారు. అప్పుడు దావా కాగితం తీయను. వచ్చేసారి ఆ మనిషిని కూడా తీసుకురా, ముందు ఇద్దరం కలిసి ఆమెను ఆసుపత్రికి తీసుకువెళదాం అంటాను.